మనిషి ఎదుట నిలబడి వీధి ఫోటో తీయడం ఎలా

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఏడాది కాలంగా నెల్లూరు వీధుల్లో ఫోటోలు తీస్తున్నారు. చేతిలో ఉన్నది దూరంగా ఉన్నవారిని దగ్గరగా చూపే పొడవాటి 70–200 జూమ్ లెన్సు. ట్రంకు రోడ్డుకు ఈ పక్కన నిలబడి ఆ పక్కన ఉన్నవారిని తీస్తున్నారు కాబట్టి ఫోటోల్లో ఎక్కువగా వీపులూ పక్క ముఖాలే వస్తున్నాయి. దగ్గరికి వెళ్దామనుకున్న ప్రతిసారీ, ఎవరైనా నిలదీస్తే నలుగురిలో ఏం జవాబు చెప్పాలన్న భయం మిమ్మల్ని వెనక్కి లాగుతోంది. దగ్గర నుంచి వెడల్పుగా చూపే పొట్టి లెన్సు, 35 ఎం.ఎం.ది, కొంటే ఈ భయం పోతుందా అని కూడా అడిగారు. లెన్సు సంగతి చివర చెబుతాను. ముందు భయం గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే అది మీరు అనుకుంటున్నంత నిరాధారమైనదీ కాదు, దాన్ని ధైర్యంతో తొక్కిపెట్టవలసిన అవసరమూ లేదు.

ఈ ప్రాంతపు వీధుల్లో చాలాకాలంగా ఫోటోలు తీస్తున్నవాడిగా నేను గట్టిగా నమ్మేది ఒక్కటే: ఇక్కడ మనిషికి దగ్గర కావాలంటే, కెమెరా మీ కంటి దగ్గరికి వెళ్ళకముందే మీరు ఆ మనిషికి కనబడి ఉండాలి. గబుక్కున ఎదురుపడి, తీసి, వెళ్ళిపోయే పద్ధతి పెద్ద నగరాల్లో పెరిగింది. న్యూయార్కులో బ్రూస్ గిల్డెన్ అనే ఫోటోగ్రాఫరు నడిచిపోతున్నవారి ముఖాల మీదికి అతి దగ్గర నుంచి ఫ్లాష్ వేసి తీశాడు. అంతకుముందు ఫ్రెంచి ఫోటోగ్రాఫరు కార్టియే బ్రెసాన్ తన లైకా కెమెరా మెరవకుండా నల్లటి టేపు అంటించి, 50 ఎం.ఎం. లెన్సుతో, ఎవరి దృష్టిలోనూ పడకుండా ఉండేందుకు ప్రయత్నిస్తూ తిరిగాడు. వాళ్ళిద్దరి పద్ధతులూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైనవే అయినా, రెండూ ఎవరినీ ఎవరూ ఎరగని జనసమ్మర్దం మీద ఆధారపడినవి. నెల్లూరు చిన్నబజారులోనో, ఒంగోలు గాంధీ రోడ్డులోనో ఆ వెసులుబాటు ఉండదు. కొత్త మనిషి కాసేపు ఒకచోట నిలబడితే టీ కొట్టాయన గమనిస్తాడు, పూలమ్మే అవ్వ గమనిస్తుంది, కాసేపటికి ఎవరో ఒకరు "ఎవురబ్బాయ్ నువ్వు?" అని అడగనే అడుగుతారు. రోడ్డుకు ఇవతల నిలబడి పొడవాటి లెన్సు ఎక్కుపెట్టినప్పుడు మీరు ఎవరి కంటా పడడం లేదని మీకు అనిపిస్తుంది గాని, మీ వెనకా పక్కనా ఉన్న కొట్లవాళ్ళు మిమ్మల్ని చూస్తూనే ఉంటారు. దాక్కోవడం సాధ్యం కాని ఊళ్ళో దాక్కోవాలని చూసే మనిషి మీదే అనుమానం ఎక్కువ పుడుతుంది. మీరు భయపడుతున్న నిలదీత చాలావరకు ఆ దూరం వల్లనే వస్తుంది.

దూరం నుంచి తీసిన ఫోటో చూసేవారికి కూడా ఎందుకు దూరంగానే అనిపిస్తుందో ఒకసారి లెక్క వేసి చూసుకుంటే, జూమ్ ఎంత తిప్పినా ఆ లోపం పోదని మీకే అర్థమవుతుంది. ఒక పూలమ్మే ఆమె కూర్చుని ఉంది, ఆమెకు 6 మీటర్ల వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు అనుకుందాం. మీరు ఆమెకు 1.5 మీటర్ల దూరంలో ఉంటే వెనకాయన మీకు 7.5 మీటర్ల దూరంలో ఉంటాడు, అంటే ఆమెకన్నా ఐదు రెట్లు దూరం, కాబట్టి ఫోటోలో ఆమెతో పోలిస్తే ఐదోవంతు పరిమాణంలో కనిపిస్తాడు. అదే మీరు రోడ్డు దాటి 15 మీటర్ల దూరానికి వెళ్తే ఆయన మీకు 21 మీటర్ల దూరంలో ఉంటాడు, అంటే ఒకటిన్నర రెట్లు కూడా కాదు, కాబట్టి దాదాపు ఆమెతో సమానమైన ఆకారంతో ఆమె నెత్తిమీద అతికించినట్లు కనిపిస్తాడు. మొదటి ఫోటోలో ఆమె ముందుకు వస్తుంది, చేతులు ముఖంకన్నా ముందుకు వస్తాయి, బుట్ట ఇంకా ముందుకు వస్తుంది, చూసేవాడు ఆమె ఎదుట కూర్చున్నట్లు ఉంటుంది. ఈ తేడా లెన్సు వల్ల వచ్చేది కాదు, మీరు నిలబడిన చోటు వల్ల వచ్చేది. పొట్టి లెన్సు చేసేదల్లా ఆ దగ్గరి చోటు నుంచి ఆమెతోపాటు ఆమె చుట్టూ ఉన్నదాన్ని కూడా ఫ్రేములో పట్టనివ్వడమే.

ఇక జనం ఎందుకు అభ్యంతరం చెబుతారో ఒకరి తర్వాత ఒకరిగా ఆలోచించండి, ఎందుకంటే అందరి అభ్యంతరమూ ఒకటి కాదు, అందరికీ ఒకే నవ్వు, ఒకే జవాబు పనిచేయవు. ఆటో డ్రైవరుకు కెమెరా అంటే చలానా. ట్రాఫిక్ పోలీసులు సెల్‌ఫోన్‌తో బండి ఫోటో తీయడం, ఆ తర్వాత జరిమానా సందేశం రావడం అతడికి అనుభవమే, కాబట్టి మీరు అతడి ముఖం తీస్తున్నా అతడి కన్ను నంబరు ప్లేటు మీదికే పోతుంది. అతడితో ముందు ఒక్కమాట చెప్పి, తీసిన ఫోటోలో నంబరు లేదని చూపిస్తే గొడవ అక్కడితో తీరిపోతుంది. రోడ్డు పక్కన తోపుడు బండి పెట్టుకున్నాయనకు కెమెరా అంటే ఆక్రమణల తొలగింపు. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడడానికి 2014లో పార్లమెంటు చేసిన చట్టం ఉన్నా, ఎవరో వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్ళాక బండి తీయించేస్తారన్న భయం అతడి మనసులో ఉంటుంది. "ఏ పేపరబ్బాయ్ మీది?" అని అతడు అడిగే ప్రశ్నకు అర్థం, నన్ను గురించి ఎవరికి చెప్పబోతున్నావు అని. మీరు ఏ పేపరు మనిషీ కాదని, ఏ ఆఫీసు మనిషీ కాదని, ఫలానా పేట వాడినని, ఊరి బజార్ల ఫోటోలు తీసుకుంటున్నానని సూటిగా చెప్పండి. పేట పేరు చెప్పడం చాలా ముఖ్యం. "మాది మూలాపేట" అన్నవాడు రేపు మళ్ళీ దొరికే మనిషి. ఎక్కడివాడో చెప్పనివాడి మీద నమ్మకం కుదరదు.

చేపలమ్మే ఆమెకు అభ్యంతరం మరో రకంగా ఉంటుంది. పొద్దున్నే బోణీ కాకముందు కెమెరా పెడితే ఆమెకు చిరాకు కలగడం సహజం. అది మూఢనమ్మకమా కాదా అన్న చర్చ మనకు అక్కర్లేదు, తొలి బేరం అయ్యేదాకా ఆగితే సరిపోతుంది. ఇళ్ళలోని ఆడవాళ్ళకు, కాలేజీ పిల్లలకు ఉన్న భయం అన్నిటికన్నా న్యాయమైనది: తన ముఖం ఏ ఫోన్లోకి పోతుందో, ఎవరు దాన్ని ఎలా మారుస్తారో అన్న భయం. దానికి జవాబు మాటలతో చెప్పి ఒప్పించేది కాదు. ముందుగా అడగకుండా వారిని దగ్గర నుంచి తీయకండి, అడిగాక వద్దంటే మరోసారి అడగకండి. ఈ ఒక్క విషయంలో నేను ఎలాంటి మినహాయింపూ ఇవ్వను.

కారణాలు తెలిశాక చోటు ఎంచుకోవాలి. ఊరంతా తిరగకండి. ఒకే బజారు, ఒకే వేళ, కొన్ని వారాలపాటు. నెల్లూరులో నేనైతే సంతపేట మార్కెట్టు వైపుగాని, చిన్నబజారు, పెద్దబజారు వీధుల్లోగాని మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అక్కడ మనుషుల చేతులకు ఎప్పుడూ పని ఉంటుంది. చేతులకు పని ఉన్న మనిషికి కెమెరా ముందు ఏం చేయాలో తోచని ఇబ్బంది ఉండదు. పూలు కట్టేవాళ్ళు, మిషను కుట్టేవాళ్ళు, కూరగాయలు తూచేవాళ్ళు, టీ తిరగబోసేవాళ్ళు, మూటలు దించేవాళ్ళు, వీళ్ళంతా మీకు మంచి గురువులవుతారు. బస్టాండుల్లో ఊరికే కూర్చుని ఎదురుచూసేవారిని దగ్గర నుంచి తీయడం దీనికన్నా కష్టం, ఎందుకంటే వారి చూపు ఖాళీగా ఉండి నేరుగా మీ మీదనే నిలుస్తుంది. దాన్ని తర్వాతకు వాయిదా వేయండి.

బజారులోకి వెళ్ళాక కెమెరాను సంచిలో దాచి, సమయం చూసి బయటికి తీయకండి. మెడకు తగిలించుకుని, ఛాతీ మీద అందరికీ కనబడేలా ఉంచుకోండి. తీయదలచుకున్న మనిషి వెనక నుంచి కాకుండా, ఆమె తలెత్తితే చూడగలిగే వైపు నుంచి మామూలుగా నడిచి వెళ్ళండి. అయిదారు మీటర్ల దూరంలో ఒకసారి ఆగి ఆమె చూపు కలిసిన తర్వాతే ముందుకు రండి. ఆ చూపు కలిసే క్షణంలో మీరు తల పక్కకు తిప్పుకుంటే పని చెడినట్లే, తల ఊపి పలకరిస్తే సగం పని అయినట్లే. ఆ తర్వాత రెండు మీటర్లకు వచ్చి, వీలైతే అక్కడే గొంతుక్కూర్చోండి. కింద కూర్చుని అమ్మేవారిని నిలబడి తీసినప్పుడు ఫోటోలో నడినెత్తి, నేల తప్ప ఏమీ రావు, పైగా వారికి మీద పడుతున్నట్లు ఉంటుంది. మీరు కిందికి దిగిన వెంటనే మీ ఇద్దరి ఎత్తూ సమమవుతుంది, మాట కూడా తేలికగా కలుస్తుంది.

మాట ముందా, ఫోటో ముందా అన్నది ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న. అడిగితే సహజత్వం పోతుందని కొందరు, అడగకపోతే మర్యాద పోతుందని కొందరు వాదిస్తారు. నా అనుభవంలో మన బజార్లలో అడగడం వల్ల నష్టం లేదు, కాకపోతే అడిగిన తర్వాత వచ్చే మొదటి ఫోటోతో వెళ్ళిపోవడం వల్ల నష్టం ఉంది. "అవ్వా, పూలు కడతా ఉంటే ఒక ఫోటో తీసుకోనా?" అని అడిగారనుకోండి. "నన్నెందుకు నాయనా, ముసిలిదాన్ని" అంటుంది. చాలాసార్లు ఇది సిగ్గుతో కూడిన ఒప్పుకోలు, నవ్వుతూ ఒక్కసారి మళ్ళీ అడిగితే సరేనంటుంది. "వద్దు" అని చెయ్యి అడ్డం పెట్టినా, పైట ముఖానికి లాక్కున్నా, ముఖం తిప్పుకున్నా అది తిరస్కారం, దాన్ని ఇంకోలా చదవకూడదు. సరేనన్న అవ్వ చేసే మొదటి పని, కడుతున్న పూలు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కెమెరాలోకి తిన్నగా చూడడం. ఆ ఫోటోను శ్రద్ధగా తీయండి. అది ఆమె మీ నుంచి కోరుకుంటున్న ఫోటో, రేపు మీరు ప్రింటు వేసి ఇవ్వవలసినది అదే. తీసిన తర్వాత కెమెరా దించి, లేవకుండా అక్కడే ఉండండి. మల్లెల ధర అడగండి, పూలు ఎక్కడి నుంచి వస్తాయో అడగండి. కాసేపటికి బేరం వస్తుంది, ఆమె మిమ్మల్ని మరిచి దండను చాచి మోచేతి దాకా మూర కొలుస్తుంది, కొన్నామె చెయ్యి ఫ్రేములోకి వస్తుంది, ఇద్దరి చూపులూ ఆ మూర మీద ఉంటాయి. మీరు ఏడాదిగా రోడ్డు అవతలి నుంచి వెతుకుతున్న ఫోటో ఇదే, అది మీకు ఒకటిన్నర మీటర్ల దూరంలో, ఆమె అనుమతి మీకు ముందే దొరికి ఉండగా జరుగుతుంది.

తీసిన ప్రతిసారీ వెంటనే తెర మీద చూసుకునే అలవాటు ఉంటే మానుకోండి. మీరు తల దించి చూసుకుంటున్న ఆ రెండు మూడు క్షణాల్లోనే మనిషి మళ్ళీ తన పనిలోకి వెళ్తాడు. అలాగే, తీసిన ప్రతి ఫోటోనూ వారికి చూపించడం కూడా మంచిది కాదు. ఒకసారి చూపించడం మర్యాద. నాలుగుసార్లు చూపిస్తే చుట్టుపక్కల పిల్లలంతా వచ్చి వరసలో నిలబడతారు, ఆ రోజుకు ఆ బజారులో మామూలు జీవితం ఆగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, తీసిన మరుక్షణం వెనక్కి అడుగులు వేయకండి. వేగంగా దగ్గరికి రావడంకన్నా వేగంగా వెళ్ళిపోవడం ఎదుటివారికి ఎక్కువ అనుమానం కలిగిస్తుంది.

సాంకేతిక విషయాల్లో మీ చేతులకు తడుముకోవలసిన పని లేకుండా ముందే సిద్ధం చేసుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (పెద్ద సెన్సారు ఉన్నది) మీద 35 ఎం.ఎం. లెన్సును ఎఫ్ 8 దగ్గర, అంటే లెన్సు లోపలి రంధ్రాన్ని బాగా చిన్నది చేసి పెట్టి, 2 మీటర్లకు ఫోకస్ చేసి వదిలేస్తే, దాదాపు 1.4 మీటర్ల నుంచి 3.3 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఆ మధ్యలో ఉన్న మనిషి కోసం మీరు ఫోకస్ వెతకనక్కర్లేదు. చిన్న సెన్సారు ఉన్న కెమెరాలో 23 ఎం.ఎం. లెన్సుతో ఇంతకన్నా ఎక్కువ లోతే దొరుకుతుంది. కదలిక చెదిరిపోకుండా షట్టర్ వేగం సెకనులో 1/250 వంతుకు తగ్గకుండా చూసుకుని, వెలుగుకు సెన్సారు స్పందించే స్థాయి అయిన ఐఎస్ఓను కెమెరాకే వదిలేయండి. 2 మీటర్ల దూరంలో 35 ఎం.ఎం. లెన్సు అడ్డంగా పట్టుకుంటే రమారమి 2 మీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల ఎత్తు పడుతుంది: కూర్చున్నామె, ఆమె బుట్ట, కొనడానికి వంగినామె అంతా సరిపోతారు, నిలబడినవారైతే తల నుంచి మోకాళ్ళ వరకు వస్తారు. ఈ కొలత మీ కంటికి అలవాటైతే కెమెరా ఎత్తకముందే ఫ్రేములో ఏముంటుందో తెలుస్తుంది, అప్పుడు కెమెరా కంటి దగ్గర ఉండే సమయం బాగా తగ్గుతుంది.

మన బజార్లలో తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఉంది, నీడకోసం కట్టే నీలిరంగు టార్పాలిన్ పట్టాలు. వాటి కింద కూర్చున్నవారి చర్మం మీద నీలి ఛాయ పడుతుంది, పది గంటలు దాటితే పట్టా అంచు దాటిన ఎండ ఫోటోలో వివరమేమీ లేకుండా తెల్లగా పేలిపోతుంది. రంగులను తానే సరిచేసే కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్సు ఈ రెండింటి మధ్య తికమక పడుతుంది. రంగులను తర్వాత సరిచేసుకునే వీలున్న రా ఫార్మాట్‌లో తీసి, వెలుగు కొలతను ముఖం మీద తీసుకుని, వెనక ఎండలో ఉన్న తెల్ల పంచె కొంచెం పేలిపోయినా సరేననుకోండి. చామనఛాయ ముఖాన్ని చీకటిలో ముంచి వెనక గోడను కాపాడిన ఫోటో వల్ల ప్రయోజనం లేదు. నేనైతే పొద్దున ఏడింటి నుంచి తొమ్మిదింటిలోపు తీస్తాను. అప్పుడు పట్టాల కిందికి కూడా ఏటవాలు వెలుగు వస్తుంది, సరుకు దిగే వేళ కాబట్టి పనీ కనబడుతుంది.

బజారులో చెయ్యి తిరిగాక మైపాడుకో, ప్రకాశం వైపైతే కొత్తపట్నానికో వెళ్ళి, ఒడ్డు నుంచి అలివి వల లాగేచోట నిలబడి చూడండి. దగ్గరితనం దానంతటదే ఎలా ఏర్పడుతుందో అక్కడ తెలుస్తుంది. మొదట రెండు వరసల మనుషులు దూరదూరంగా తాళ్ళు పట్టుకుని ఉంటారు, అప్పుడు మీరు పరాయివారే, అందరూ మిమ్మల్ని చూస్తారు. వల ఒడ్డుకు వచ్చేకొద్దీ ఆ రెండు వరసలూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి, కేకలు పెరుగుతాయి, చివరికి చేపలున్న సంచి భాగం ఇసుక మీదికి వచ్చాక అందరూ ఒకేచోట వంగుతారు. అంతసేపు వారి కళ్ళముందు ఉన్న మనిషి అప్పుడు ఒక మీటరు దూరంలో కెమెరా పట్టుకున్నా ఎవరూ తలెత్తరు. చివర్లో పరుగెత్తుకుని వచ్చినవాడికి మాత్రం ఆ చోటు దొరకదు. తాడు లాగే దారికి అడ్డం నిలబడకండి, చెప్పులతో వలమీద కాలు పెట్టకండి, చేపల వేలం పాట జరుగుతున్నప్పుడు కొనేవారికీ అమ్మేవారికీ మధ్యలో తల పెట్టకండి.

నెల్లూరువారు కాబట్టి రొట్టెల పండుగ గురించి తప్పక అడుగుతారని తెలుసు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు అందుకుంటారు. అంత జనంలో దగ్గరికి వెళ్ళడం సమస్యే కాదు, భుజానికి భుజం తగులుతూనే ఉంటుంది, మీ భయానికి అక్కడ తావు లేదు. అందుకే చాలామంది అక్కడ మొదలుపెడతారు, నేను మాత్రం వద్దంటాను. జనం ఒత్తిడి వల్ల దొరికిన దగ్గరితనంతో మనిషిని ఎదుర్కోవడం అలవాటు కాదు. పైగా అక్కడ మీ బాధ్యత మామూలు బజారుకన్నా ఎక్కువ. ఆడవాళ్ళు నీళ్ళలో తడిసి ఉంటారు, కాబట్టి లెన్సును ముఖాలకూ చేతులకూ పరిమితం చేయాలి. అంతకన్నా సున్నితమైనది ఇంకొకటి ఉంది. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె అని పేర్లు పెట్టి గట్టిగా పిలుచుకుంటారు. సంతాన రొట్టె కోసం చెయ్యి చాచిన ఆమె తన ఇంట్లోని దిగులును ఆ చెరువులోని వారికి చెబుతోంది, మీ ఫోటో చూడబోయే ప్రపంచానికి కాదు. ముఖం స్పష్టంగా కనబడే ఫోటో కింద ఏ రొట్టె అన్నది రాయకండి. రొట్టె మారుతున్న చేతుల మీదికి దగ్గరగా వెళ్ళండి. ఇచ్చే చెయ్యికీ తీసుకునే చెయ్యికీ ఉన్న తేడా చాలా చెబుతుంది.

చట్టం గురించి అడగలేదు గాని కొద్దిగా తెలిసి ఉండాలి. బహిరంగ స్థలంలో ఫోటో తీయడాన్ని అంతటికీ కలిపి నిషేధించే చట్టం మన దేశంలో లేదు. అయితే 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షను, తనను ఎవరూ గమనించరని ఒక స్త్రీ సహజంగా అనుకునే ఏకాంత స్థితిలో ఆమెను చూడడాన్నీ ఫోటో తీయడాన్నీ నేరంగా పరిగణిస్తుంది. స్నానఘట్టాల దగ్గర, చెరువు గట్ల దగ్గర కెమెరా ఎత్తేముందు ఇది గుర్తుంచుకోండి. పిల్లల విషయంలో పక్కనున్న తల్లినో తండ్రినో అడగనిదే తీయకండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒకరోజు ఎవరో గట్టిగా అరుస్తారు. "ఎందుకు తీస్తుండావు? ఎవురు తీయమన్నారు?" అంటారు. అప్పుడు చట్టం మాట్లాడకండి, హక్కు మాట్లాడకండి. కెమెరా దించి, "మీకు ఇష్టం లేకపోతే ఉంచనన్నా" అని, ఆయన కళ్ళముందే ఆ ఫోటో తొలగించండి. తర్వాత వెంటనే వీధి వదిలి వెళ్ళకుండా, కాస్త అవతల టీ తాగి, మరుసటి వారం మళ్ళీ అదే వీధిలోకి రండి. ఆ రోజు మీ నడత అక్కడున్న పదిమందీ చూస్తారు. అరిచిన మనిషికి తెలియకపోయినా, ఆ పదిమందికి మీరు ఎలాంటివారో తెలుస్తుంది. తర్వాత మీ తరఫున మాట్లాడేది వాళ్ళే.

ప్రింట్ల మాట పైన అన్నాను. దాన్ని తేలికగా తీసుకోకండి, ఈ మొత్తం జవాబులో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది అదే. వారానికొకసారి మంచివి ఎంచి, స్టూడియోలో 4×6 అంగుళాల ప్రింట్లు వేయించి, ఎవరి ఫోటో వారికి ఇవ్వండి. ఫోన్లో పంపుతానంటే నంబర్లు అడగవలసి వస్తుంది, అది కొందరికి ఇబ్బంది, చాలామంది పెద్దవారికి ఆ ఫోటో ఎక్కడుందో తర్వాత వెతుక్కోవడమూ రాదు. కాగితం మీది ఫోటో కొట్టు గోడకు అతుక్కుంటుంది, లేదా ఇంటికి వెళ్తుంది. అది చూసి పక్క కొట్టాయన "మాకు తీయవా అబ్బాయ్?" అని అడిగే రోజు వస్తుంది, అప్పటినుంచి మీరు దగ్గరికి వెళ్ళడం ఆగి, వాళ్ళే మిమ్మల్ని దగ్గరికి పిలవడం మొదలవుతుంది. ఫోటోకు డబ్బు మాత్రం ఇవ్వకండి. అవసరమైన కూరగాయలు అక్కడే కొనుక్కోండి, అది వేరు. డబ్బు అలవాటు చేస్తే మీ తర్వాత వచ్చే ప్రతి ఒక్కరి ముందూ ఆ మనిషి ఒకే భంగిమలో కూర్చోవలసి వస్తుంది.

ఇప్పుడు లెన్సు. 35 ఎం.ఎం. లెన్సు మీ భయాన్ని తీయదు, కానీ దూరం నుంచి తీసే దారి మూసేస్తుంది, ఆ మేరకు ఉపయోగమే. అయినా ఇప్పుడే కొనకండి. మీ ఫోన్ ప్రధాన కెమెరా చాలావరకు 24 నుంచి 28 ఎం.ఎం. లెన్సు చూపినంత వెడల్పు చూపిస్తుంది. నెల రోజులపాటు పైన చెప్పిన బజారులో దానితోనే రెండు మీటర్లలోపు తీయడం అలవాటు చేసుకోండి. ఒక చిక్కు ఏమిటంటే, ఫోన్ అడ్డంగా పట్టుకుని ఎక్కువసేపు ఉంటే వీడియో తీస్తున్నారనుకుంటారు, కాబట్టి తీసి వెంటనే దించండి. నెల తర్వాత ఫోటోలన్నీ ముందు పెట్టుకుని, ఫ్రేములో అనవసరమైన ఖాళీ ఎక్కువగా కనిపిస్తే 35 కొనుక్కోండి. అంతా ఇరుకుగా, మనుషుల చేతులూ బుట్టలూ తెగిపోయి కనిపిస్తే 28 కొనుక్కోండి. పాతదైనా, చేత్తో తిప్పే ఫోకస్ ఉన్నదైనా పరవాలేదు, లెన్సు మీద దూరాల అంకెలు ఉన్నది చూసుకోండి. ఉన్న 70–200 అమ్మకండి. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు వచ్చే కాలానికి అది మీకు పనికివస్తుంది.